హైదరాబాదు వదిలి హనుమకొండలో స్థిరపడటం తెలివైన పనేనా?

సుబేదారి నివాసి

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలున్నవారు హైదరాబాదులోనే ఉండిపోవాలా, లేక వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన నగరం వంటి చోట స్థిరపడటం మేలా? స్థిరపడటమే మేలన్నది నా అభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను. కాదనేవారు కూడా కారణాలతోనే కాదనాలని మనవి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కరోనా తర్వాత మియాపూర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో ఇక్కడికి వచ్చేశాను. అక్కడ కట్టిన అద్దెలో సగానికే ఇక్కడ అంతకంటే పెద్ద ఇల్లు, ముందు కాస్త ఖాళీ జాగా, అందులో ఒక జామచెట్టు దొరికాయి. పాప బడి నడిచి వెళ్లే దూరంలో ఉంది. పని ముగించుకుని కుమార్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు తెచ్చుకున్నాక కూడా వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవడానికి వెలుతురు మిగిలే ఉంటుంది. ఇవే పనులు మియాపూర్‌లో ఆదివారానికి వాయిదా పడేవి. అలాగని ఇదేమీ పల్లెటూరు కాదు. 1959లోనే ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అదే ఏడాది కాకతీయ వైద్య కళాశాల, 1976లో విశ్వవిద్యాలయం వచ్చిన ఊరు ఇది. ఆనాటి ఇంజనీరింగ్ కళాశాలే నేటి ఎన్‌ఐటీ. విలీన గ్రామాలతో కలిపితే 2011 జనాభా లెక్కల నాటికే ఎనిమిది లక్షలు దాటింది. నగరంలో ఉండవలసినవన్నీ ఉన్నాయి, నగరంతో వచ్చే నస మాత్రం లేదు. అవసరం పడితే హైదరాబాదు సుమారు 145 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కదా.

కాజీపేట సీజన్ టికెట్

ఆ చివరి వాక్యం దగ్గర నా అభ్యంతరం. 'అవసరం పడితే' వెళ్లేవారికి ఆ దూరం దగ్గరే. రోజూ వెళ్లేవారికి అది దూరమే. నేను సికింద్రాబాద్ దాకా నెలవారీ సీజన్ టికెట్ మీద ఉద్యోగానికి తిరుగుతాను. ఇంట్లో నేనుండేది నిద్రకు, ఆదివారానికి మాత్రమే. మా వీధిలో దీపావళి నాడు తప్ప నన్ను చూడనివారు ఉన్నారు. మీ కంపెనీ రేపు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మని మెయిల్ పంపిందంటే మీ జామచెట్టూ, చెరువు కట్టా నా మాదిరిగానే మీకూ సెలవు రోజుల వ్యవహారమైపోతాయి. ఈ ఊళ్లో స్థిరపడాలన్న నిర్ణయం మీదే అయినా, అది ఎన్నాళ్లు నిలవాలో తేల్చేది గచ్చిబౌలిలోని ఎవరో మేనేజరన్న మాట మరచిపోకూడదు.

కొత్తవాడ లెక్కల సారు

సుబేదారి నివాసి గారు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే అదంతా ఒకే షరతు మీద నిలబడి ఉంది. జీతం హైదరాబాదు లెక్కలోనో అమెరికా లెక్కలోనో రావాలి, ఖర్చు మాత్రం హనుమకొండ లెక్కలో కావాలి. సంపాదనా ఖర్చూ రెండూ ఈ ఊళ్లోనే జరిగేవారికి ఇది చవక ఊరేమీ కాదు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. హనుమకొండను చదువుల ఊరంటారు. నయీంనగర్, కిషన్‌పుర వీధుల్లో హాస్టల్ బోర్డు లేని మేడను వెతుక్కోవాలి. ఆ చదువులు చెప్పేవారి సంగతి ఎవరూ రాయరు కనుక నేను రాస్తాను. మాకు ఏడాదికి పది నెలల జీతమే. మార్చిలో ఇంటర్ పరీక్షలు ముగియగానే చేతిలోని చాక్‌పీసు పోయి కరపత్రాల కట్ట, దానితోపాటు పదో తరగతి పిల్లల ఫోను నంబర్ల జాబితా వస్తాయి. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఊళ్లకు సొంత బండి మీద సొంత పెట్రోలు పోసుకుని వెళ్లి, ఏప్రిల్ ఎండలో ఇంటింటికీ తిరగాలి. చెప్పినన్ని అడ్మిషన్లు తెచ్చినవారికే జూన్‌లో క్లాసులు. ఫిబ్రవరి దాకా సమాకలనం చెప్పిన మనిషి మే నెలలో ఎవరి ఇంటి అరుగు మీదనో కూర్చుని, 'మా హాస్టల్‌లో ఏసీ కూడా ఉంది పెద్దమ్మా, ఒక్కసారి వచ్చి చూడండి' అని బతిమాలుకోవడం ఈ చదువుల ఊళ్లో మామూలు విషయం. ఆ పెద్దమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి లేచేటప్పుడు, వాకిట్లో మరో కాలేజీ సారు తన వంతు కోసం ఎదురుచూస్తూ కనిపిస్తాడు. ఇద్దరం ఒకప్పుడు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నవాళ్లమే అయి ఉంటాం.

బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడే ఆడపిల్లలు, ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు, మెడికల్ షాపుల కుర్రవాళ్లు అందరిదీ కాస్త అటూఇటుగా ఇదే లెక్క. మీకు 'సగం అద్దె' అనిపించినది మాకు నెల జీతంలో మూడో వంతో, సగమో.

ఒకప్పుడు ఈ ఊరు తన జీతాలను తానే పుట్టించుకుంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో మా నాన్న పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఆ భూములు ప్లాట్లయ్యాయి. మగ్గం పని తెలిసిన మా బాబాయి కుటుంబం సూరత్ వెళ్లిపోయింది. ఇక్కడి నేత కుటుంబాలు సూరత్‌లోనూ, భివండీలోనూ, సోలాపూర్‌లోనూ వీధులకు వీధులుగా ఉన్నాయి. మా కొత్తవాడ దర్రీలకు (జంపఖానాలకు) 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే, కానీ ఆ పని నేర్చుకోమని కొడుకుకు చెప్పే తండ్రి మా వాడలో కనబడడు. మధ్యస్థాయి నగరం బాగుందా లేదా అని అడిగే ముందు, ఆ నగరం తన మనుషులకు తానే పని చూపగలుగుతోందా అని అడగాలి.

హంటర్ రోడ్డు

చవకా ఖరీదా అన్నది మీరు తేల్చుకోండి. నేను నీటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇల్లు చూసుకునేవారు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ఇది కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల. పై చెరువు నిండితే మత్తడి దూకి నీరు కింది చెరువుకు చేరాలి. ఆ నీటి దారినే ఇప్పుడు మనం కాలనీలంటున్నాం. బొందివాగు భద్రకాళి చెరువులో కలిసే దారి పక్కన ఎన్టీఆర్ నగర్, సాయినగర్, సంతోషిమాత కాలనీ, బృందావన్ కాలనీ ఉన్నాయి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ, మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుఫానుకూ నగరంలోని పల్లపు కాలనీలు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే పోతననగర్ వైపు గండి పడింది.

నీరు వీధి గుమ్మంలోంచి వస్తుందని అందరూ అనుకుంటారు, మేమూ అలాగే అనుకుని గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం వేశాం. అది వచ్చింది బాత్‌రూమ్ జాలీలోంచి. బియ్యం డబ్బా మంచం మీదికి, మంచం మీది పరుపు అటక మీదికి ఎక్కించేలోపు ఫ్రిజ్ తేలింది. నీరు తీశాక బురద కడగడానికి బోరు మోటారు వేస్తే అందులోంచి కూడా మురుగు వాసన వచ్చింది. పనులు జరగలేదని అనను. నయీంనగర్ నాలాను వెడల్పు చేశారు, భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. కానీ హైదరాబాదు చెరువుల కోసం 2024లో హైడ్రా అనే ప్రత్యేక సంస్థ పెట్టారు, దాని పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. మన చెరువుల శిఖం భూముల్లో, అంటే చెరువు గర్భంలో, గోడ లేస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకున్నా, గోడ కట్టినవాడు, కట్టనిచ్చినవాడు, ఫిర్యాదు తీసుకునేవాడు ఒకరికొకరు తెలిసినవారే. మన ఊళ్లో అందరూ అందరికీ తెలుసని సంబరపడేవారు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

బాలసముద్రం

ఆ 'అందరూ తెలిసినవారే' అన్నదాని గురించి ఒక ఆడపిల్లగా నేనూ నాలుగు మాటలు చెబుతాను. బ్యాంకు ఉద్యోగంతో ఇక్కడికి బదిలీ మీద వచ్చి అద్దె ఇల్లు వెతికినప్పుడు, అద్దె ఎంతో చెప్పకముందే 'మీరేంట్లు?' అని కులం అడిగినవారే ఎక్కువ. హైదరాబాదులో ఈ ప్రశ్న లేదని కాదు. అక్కడ మొహం మీద చెప్పేసి ఇంకో వీధికి పోగలిగినంత ఊరు ఉంది, ఇక్కడ నాకు పనికొచ్చే వీధులు నాలుగైదే. చౌరస్తాలో తోటి ఉద్యోగితో టీ తాగితే ఆ కబురు నాకంటే ముందే మా ఇంటావిడకు చేరుతుంది. ఇక ప్రయాణం సంగతి. సిటీ బస్సుల మీద ఆధారపడే పరిస్థితి లేదు, షేర్ ఆటోలే దిక్కు, రాత్రి తొమ్మిది దాటితే అవీ పలచబడతాయి. సొంత బండి లేని ఆడమనిషికి ఈ నగరం తొమ్మిదింటికి మూతపడుతుంది. సుబేదారి నివాసి గారు ప్రశాంతత అని పిలుస్తున్నదానిలో కొంత భాగం ఇదే.

సుబేదారి నివాసి

అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. వరద విషయంలో హంటర్ రోడ్డు గారితో నాకు వాదమే లేదు. బాలసముద్రం గారి మాటా కాదనలేను, అయితే ఆ వాదనతో ఊరు వదలాలంటే దేశంలో ఉండదగిన ఊళ్లు చాలా కొద్దిగానే మిగులుతాయి.

నా వాదమంతా లెక్కల సారు గారితో. మాలాంటివారి జీతం బయటి నుంచి వచ్చినా ఖర్చయ్యేది ఇక్కడే కదా. పాలవాడు, ట్యూషన్ టీచరు, మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, అందరికీ పని దొరికేది ఆ ఖర్చులోంచే. ఇదే గణితం చెప్పి ఇంచుమించు ఇదే జీతం తీసుకుంటూ మీరు కూకట్‌పల్లిలో ఉండవలసి వస్తే ఒక గది కూడా సరిగా దొరకదు. పైగా ఊరు నిలబడిపోయి లేదు. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరిచారు. 1981 నుంచి మూతబడి ఉన్న మామునూరు విమానాశ్రయానికి, 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని నిబంధన అడ్డు తొలగి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ పూర్తయితే మీ షరతు దానంతట అదే సడలిపోతుంది.

కొత్తవాడ లెక్కల సారు

కూకట్‌పల్లి గురించి మీరన్నది నిజం, నేను వెళ్లకపోవడానికి కారణం అదే. కానీ అక్కడ బతకలేను కనుక ఇక్కడ బాగున్నానని తేల్చడం సరైన గణితం కాదు.

మీ ఖర్చు ఊళ్లోనే తిరుగుతుందన్నారు. పాలవాడి దాకా తిరుగుతుంది, ఒప్పుకుంటాను. మీరు కట్టే అద్దె ఇంటి యజమానికి చేరుతుంది, ఆయన దానితో ప్లాటు కొంటాడు. ఉనికిచర్లలో కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) వేలం వేసిన ప్లాట్లను పాడుకున్నవారిలో ఈ ఊరి జీతాలతో పాడుకున్నవారు ఎందరుంటారో మీరే ఊహించండి. బయటి డబ్బు ఊళ్లోకి వచ్చినప్పుడు ముందుగా పెరిగేది గజం ధర, చివరగా పెరిగేది మా జీతం, అదీ పెరిగితే. పత్రికలో 'మామునూరు' అన్న మాట వచ్చిన మర్నాడే ఖిలా వరంగల్ నుంచి నర్సంపేట రోడ్డు దాకా రియల్ ఎస్టేట్ ఫ్లెక్సీలు లేస్తాయి. విమానం ఎగరకముందే ఆ విమానాశ్రయం మా తమ్ముడి సొంతింటి ఆశను దాటి పైకి ఎగిరిపోయింది. దాన్ని వద్దనడం లేదు. దానివల్ల ఎవరి చేతికి ఏమి వస్తుందో విడదీసి చూడమంటున్నాను.

నేను కళ్లు పెట్టుకుని చూస్తున్నది వేరే రెండింటి మీద. ఒకటి 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కు, రెండోది 2023 జూలైలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్. మా వాడ పిల్లల్లో ఇంటర్ గట్టెక్కక ఐటీఐ చేసినవారు నా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే: 'సార్, వాటిల్లో మనవాళ్లకు ఇచ్చేవి పర్మినెంటా, కాంట్రాక్టా?' జౌళి పార్కులో ఇచ్చే జీతానికి సూరత్ నుంచి ఒక్క కుటుంబమైనా సామాను సర్దుకుని తిరిగి వస్తే మీ వాదనకు ఒక మార్కు వేస్తాను. మా బాబాయి కొడుకు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పార్కు దాకా వెళ్లి గేటు దగ్గర జీతం సంగతి కనుక్కున్నాడు, సెలవు అయిపోగానే సూరత్ బండెక్కాడు.

భీమారం కొత్తకాపు

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక చిన్న ప్రశ్న. వచ్చే నెలలో మేము కరీంనగర్ నుంచి మారుతున్నాం. సంతోషిమాత కాలనీలో ఒక ఇల్లు తక్కువ అద్దెకు దొరుకుతోంది. ఈ చర్చ చదివాక భయం వేస్తోంది. తీసుకోవచ్చా?

హంటర్ రోడ్డు

పై అంతస్తు అయితే తీసుకోండి, బండి పెట్టుకోవడానికి వీధి ఎగువన ఎవరినైనా మాట్లాడి ఉంచుకోండి. కింది వాటా అయితే చూడటానికి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. గోడకు కింది నాలుగడుగులు మాత్రమే కొత్త రంగు వేశారా అని చూడండి. కరెంటు మీటరు ఎంత ఎత్తున బిగించారో చూడండి, మునిగిన ఇళ్లలో చాలామంది దాన్ని పైకి మార్పించుకున్నారు. మూడోది, యజమానిని కాకుండా ఎదురింటి కిరాణా కొట్టువాడిని అడగండి. మొంథాకు అతని కొట్టులో ఏ అర దాకా సరుకు పాడైందో చెబుతాడు, మీ గదిలోకి ఎంత నీరు వస్తుందో దాన్నిబట్టి తెలిసిపోతుంది.