పీడీ-4104: ఎడమ వెనక మూల రాత్రికి రాత్రే కుంగిపోతోంది

1953లో జీఎం (జనరల్ మోటార్స్) ఎయిర్ సస్పెన్షన్‌తో, అంటే ఉక్కు స్ప్రింగుల బదులు గాలి మీద నిలిచేలా, తెచ్చిన 35 అడుగుల పీడీ-4104 బస్సు ఇది. డెట్రాయిట్ 6-71 ఇంజన్ బాగానే ఉంది, గాలి కూడా త్వరగానే నిండుతోంది. ఇంజన్ ఆపిన 4 గంటలకు ఎడమ వెనక మూల దిగబడుతోంది. ముందు భాగం మాత్రం మర్నాటికీ నిలబడే ఉంటోంది.

బెల్లోస్ (బస్సు బరువు మోసే గాలి తిత్తులు) రబ్బరు, బిగింపు అంచులు, బస్సు ఎత్తు సరిచేసే లెవలింగ్ వాల్వ్ జాయింట్లు అన్నిటికీ సబ్బు నీళ్లు పూసి చూశాను, ఒక్క బుడగా రాలేదు. వాల్వ్‌కి వెళ్లే గొట్టం విప్పి, బెల్లోస్ వైపు మూత బిగించినా అలాగే కుంగింది. అంటే వాల్వ్ తప్పు లేనట్టే. ఇక మిగిలింది బెల్లోస్ పైనుండే ఎయిర్ బీమ్. అది బోలు ఉక్కు పెట్టె, గాలి నిల్వ కూడా అందులోనే. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి వదలకపోతే తేమ అక్కడికి చేరి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. బీమ్ పైభాగం బస్సు ఫ్లోరు కింద దాగి ఉంటుంది కాబట్టి సబ్బు నీళ్లు అక్కడిదాకా చేరవు.

బీమ్ విప్పకుండా లోపల ట్యాంక్ సీలర్ (చిల్లులు మూసే పూత ద్రవం) పోసినవాళ్లున్నారా? ఎన్నాళ్లు నిలిచింది? బెల్లోస్‌కీ బీమ్‌కీ మధ్య ప్లేటు వేసి మూసేయమని కొందరంటారు. నాకది నచ్చలేదు: గాలి పరిమాణం తగ్గితే గాలి స్ప్రింగు గట్టిపడి బస్సు కుదుపుతుంది. పైన అల్యూమినియం రేకులు ఉండగా వెల్డింగ్ చేయడం ఎలా?

(కింద దూరేముందు బాడీకి స్టాండ్లు పెడుతున్నాను. జాక్‌ని నమ్మను.)