బ్యాలెన్స్ ఆఫ్ పవర్‌ను తెలుగుల ఏమని రాయాలె?

హన్మకొండ అభ్యర్థి: గ్రూప్-1 మెయిన్స్‌ల ‘అధికార సమతుల్యత’ అని రాయొచ్చా అన్నా? అంటే అసెంబ్లీ, కోర్టులు ఒకదాన్నొకటి అదుపుల పెట్టుడేనా?

కాజీపేట లెక్చరర్: కాదు తమ్మీ. అది అధికార విభజన, ఒక దేశం లోపలి సంగతి. ఇది దేశాల నడుమది. ఏ ఒక్క రాజ్యం అందరి మీద పెత్తనం చేసేంత ఎదగకుండ మిగతావి జట్టు కట్టుడు. ‘బలాల సమతౌల్యం’ అని రాయి. 1713ల యూరప్ రాజ్యాలు చేసుకున్న ఉట్రెక్ట్ సంధిల ఈ సూత్రం ఉన్నది: ఫ్రాన్స్, స్పెయిన్ కిరీటాలు ఒక్క తల మీదికి రావద్దని. మన ఉదాహరణ కావాలంటే 1971 ఆగస్టు 9 భారత్–సోవియట్ ఒప్పందం రాయి. అప్పటికే అమెరికా, చైనా దగ్గరవుతున్నయి, పాకిస్తాన్ ఆ రెండింటికీ దోస్తు; దానికి ఎదురు బలంగ మనం సోవియట్‌తోని జట్టు కట్టినం. గీ కారణం రాయకుంటే మార్కులు పోతయి.

జనగామ పాఠకుడు: పేపర్లల్ల ఇంకో అర్థం ఉంటది. మన అసెంబ్లీల 119 సీట్లు, మెజారిటీకి 60. ఒకరికి 56, ఇంకొకరికి 54 వస్తే, మిగిలిన 9 మంది చేతిల త్రాసు ముల్లు ఉన్నట్టు.

కాజీపేట లెక్చరర్: ఇంకొకటి. సమతౌల్యం అంటే శాంతి అని మాత్రం రాయకు. 1914ల యూరప్‌ల రెండు కూటములు ఎదురెదురుగ ఉన్నా మొదటి ప్రపంచ యుద్ధం ఆగలే. ఒప్పందాల ముడి వల్ల ఒకరి ఎంబడి ఒకరు దిగిన్రు.