పెదవి పేలినప్పుడు ఎవరికి ఎలా అంటుతుంది? గ్లాసు, టవలు, ముద్దు: దేనికి ఎంత భయపడాలి?

గడప_లోపల అడిగిన ప్రశ్న:

పెదవి అంచున నీటిపొక్కులు గుంపుగా వచ్చి, పగిలి, పక్కు కట్టే రకం గురించి అడుగుతున్నాను. కోల్డ్ సోర్ అంటారు కదా, అదే. ఒకే ఇంట్లో ఇలా తరచూ పెదవి పేలే మనిషి, నెల నిండని బిడ్డ, ఎగ్జిమా (చర్మం పొడిబారి, దురదతో పగిలే జబ్బు) ఉన్న పిల్లవాడు ఉన్నారనుకోండి. గ్లాసులు, చెంచాలు వేరుగా పెట్టి మరిగించాలా? చేతులు కలిపితే అంటుతుందా? పక్కు కట్టాక భయం లేదని కొందరు, పూర్తిగా మానేదాకా ఉందని కొందరు అంటున్నారు. అసలు పొక్కు లేనప్పుడు కూడా అంటుతుందని ఇంకో మాట. అదే నిజమైతే ఈ జాగ్రత్తలన్నీ దేనికి? "జాగ్రత్తగా ఉండండి" అని వదిలేయకుండా, ఎందుకో కూడా చెప్పేవాళ్లు కావాలి.

సూక్ష్మజీవి:

జ్వరం వేడికి మూతి పేలిందనీ, నిద్రలో ఏదో పురుగు పాకిందనీ అంటుంటారు. పురుగు కాదు, వేడీ కాదు. ఇది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ టైప్ 1 చేసే పని. ఒకసారి ఒంట్లో చేరిందంటే ముఖానికి స్పర్శ తెచ్చే నాడి మొదట్లో, ట్రైజెమినల్ గ్యాంగ్లియాన్ అనే చోట, జీవితాంతం దాక్కుని ఉంటుంది. జ్వరం, ఎండ, ఒత్తిడి, నెలసరి, పంటికి చేసే చికిత్స లాంటివి దాన్ని లేపుతాయి. లేచినప్పుడల్లా అదే నాడి వెంట కిందికి వస్తుంది కాబట్టే పొక్కు ప్రతిసారీ దాదాపు ఒకే చోట వస్తుంది.

ఇక అంటుకోవడం. ఈ వైరస్‌కు పైన కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. ఆ పొర చెదిరితే వైరస్ ఎందుకూ పనికిరాదు. సబ్బు చెదరగొడుతుంది, ఆల్కహాల్ చెదరగొడుతుంది, ఆరిపోయినా మెల్లగా దెబ్బతింటుంది. రెండో సంగతి, దానికి లోపలికి దారి కావాలి. దెబ్బ లేని మామూలు చర్మం దానికి గోడలాంటిది. పెదవి, నోటి లోపలి పొర, కన్ను, జననాంగాల పొర, గీరుకుపోయిన చర్మం మాత్రం తలుపులు. కాబట్టి ఏ సందర్భంలోనైనా రెండే చూసుకోండి: తడి తాజాదేనా? అది తలుపు దాకా చేరుతుందా?

ముద్దులో రెండూ నూటికి నూరుపాళ్లు ఉంటాయి. నోటితో చేసే శృంగారంలోనూ అంతే. పెదవి మీది వైరస్ జననాంగాలకు చేరే దారి అదే, కండోమ్ గానీ, నోటికి అడ్డుగా వాడే పలుచని రబ్బరు పొర (డెంటల్ డ్యామ్) గానీ ముప్పు తగ్గిస్తుంది. ఒకరు గుక్క తాగి వెంటనే పక్కవాళ్లకిచ్చే సీసా, ఇద్దరి నోట మారే సిగరెట్, ఒకే లిప్‌స్టిక్, ఒకే రేజరు ఆ తర్వాతి వరస. తలుపు గొళ్లెం, కుర్చీ, టాయిలెట్ సీటు లెక్కలోకి రావు.

1982లో ఒక అధ్యయనం జరిగింది. చిన్నదే గానీ మీ ప్రశ్నకు సూటిగా పనికొస్తుంది. పెదవి పొక్కులున్న తొమ్మిది మంది పెద్దవాళ్లను పరీక్షిస్తే ఆరుగురి చేతుల మీద బతికున్న వైరస్ దొరికింది. అది చర్మం మీద 2 గంటలు, గుడ్డ మీద 3, ప్లాస్టిక్ మీద 4 గంటల దాకా నిలిచింది. అంటే చేయి కలపగానే అంటుకుంటుందని కాదు. పొక్కు తడిమిన చేయి ఇంకొకరి చేతికి, ఆ చేయి కడుక్కోకుండా నోటికో కంటికో చేరితే గొలుసు పూర్తవుతుంది. మధ్యలో ఎక్కడ సబ్బు పడినా తెగిపోతుంది.

వార్డు_సిస్టర్:

మరిగించడం దండగండీ. గిన్నెలు తోమే మామూలు సబ్బు చాలు. తోమిన గ్లాసుకు భయపడక్కర్లేదు, తోమకుండా చేతులు మారే గ్లాసుకు భయపడాలి. ముఖం తుడుచుకునే టవలు మాత్రం పొక్కు ఉన్నన్నాళ్లూ విడిగా ఉంచి, మామూలు డిటర్జెంట్‌తో ఉతికి బాగా ఆరేస్తే సరిపోతుంది. టూత్‌బ్రష్‌లన్నీ ఒకే గ్లాసులో కుచ్చులు తగిలేలా పెట్టకండి. పొక్కు మానాక బ్రష్ మారిస్తే మళ్లీ రాదని చెబుతుంటారు. అదేం లేదు, మళ్లీ వచ్చేది బ్రష్ నుంచి కాదు, నాడిలోంచి.

అందరూ తప్పు చేసేది మందు రాసేటప్పుడే. వేలితో ట్యూబు మూతిని తాకి, ఆ వేలితో పొక్కు మీద రుద్ది, అదే వేలితో మళ్లీ ట్యూబు నొక్కుతారు. ఆ తర్వాత ఫోను తీస్తారు, కళ్లు నలుపుకుంటారు. ముందు చేతులు కడుక్కోండి. కావలసినంత మందు దూదిపుల్ల మీదికి తీసుకుని ట్యూబు మూత పెట్టేయండి. పొక్కు మీద అద్దండి, రుద్దకండి. రుద్దితే పొక్కు చిదిమి రసి పక్క చర్మానికి పూసినట్టే. పుల్ల పారేసి, మళ్లీ 20 సెకన్లు సబ్బుతో కడుక్కోండి. మళ్లీ రాయాలంటే కొత్త పుల్ల. లిప్‌బామ్ కూడా కర్రను నేరుగా పెదవికి రాయకుండా ఇలాగే తీసుకోండి. సౌందర్య సామగ్రి అమ్మే చోట అందరూ వాడి చూసే నమూనా లిప్‌స్టిక్ జోలికి ఎప్పుడూ పోవద్దు.

హైడ్రోకొల్లాయిడ్ పట్టీలని పారదర్శకంగా ఉండే చిన్న అతుకులు దొరుకుతాయి. వాటివల్ల పెద్ద లాభం, చేయి ఊరికే పొక్కు మీదికి పోకపోవడం. పట్టీ వేశాం కదా అని ముద్దు పెట్టుకోవచ్చని మాత్రం కాదు.

డెర్మా_నోట్స్:

ఎన్ని రోజులన్న దానికి నా సమాధానం. మొదట చర్మం పైకి మామూలుగానే ఉండి చిమచిమ, మంట, దురద మొదలవుతాయి. కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా ఇదే. తర్వాత పొక్కులు లేస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పగిలి రసి కారతాయి, పక్కు కడుతుంది. మొత్తం 7 నుంచి 10 రోజులు. పొక్కులు లేచిన మొదటి రెండు రోజులూ వైరస్ అత్యధికం. పక్కు గట్టిపడ్డాక బాగా తగ్గుతుంది, కానీ సున్నా కాదు. నవ్వితే పక్కు పగులుతుంది, తడి మళ్లీ బయటికొస్తుంది. కాబట్టి ముద్దుల విషయంలో లెక్క చిమచిమతో మొదలై, పక్కు ఊడి కింద కొత్త చర్మం వచ్చేదాకా. చాలామంది పొక్కు కనిపించిన రోజు నుంచి లెక్కపెడతారు. దాంతో చిమచిమ ఉన్న ఆ ముందు రోజు లెక్కలోంచి జారిపోతోంది.

పొక్కు లేకపోయినా లాలాజలంలో అప్పుడప్పుడూ వైరస్ వస్తుందన్నది నిజమే. కానీ తడి పొక్కులో ఉండేదానితో పోలిస్తే అది చాలా తక్కువ, కొద్దిసేపే. "ఎలాగూ అంటుతుంది కదా, జాగ్రత్త దేనికి" అంటే, చినుకుల్లో గొడుగు మరిచిపోయిన మనిషి జడివానలో కూడా గొడుగు ముడిచిపెట్టుకుంటానన్నట్టు. ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి, ఈ వైరస్ ఇప్పటికే ఉంది. వీళ్లలో ఎక్కువమందికి పొక్కులు కనిపించనే కనిపించవు. అందుకే "ఎవరి నుంచి వచ్చింది" అనే పంచాయితీ సాధారణంగా తేలదు. కొత్తగా అంటిన వాళ్లకు లక్షణాలు కనపడితే 2 నుంచి 12 రోజుల్లో కనపడతాయి. ఏళ్ల తరబడి నిద్రపోయి మొదటిసారి పొక్కుగా లేచే సందర్భాలూ ఉన్నాయి. దంపతులిద్దరికీ ముందే ఉంటే ఒకరి నుంచి ఒకరికి కొత్తగా అంటుకునే ముప్పు స్వల్పం.

మందు ఎప్పుడు వేశామన్నది ఏ మందు వేశామన్నదాని కంటే ముఖ్యం. ఈ వైరస్‌ను అణచే వాలాసైక్లోవిర్ మాత్ర పెద్దవాళ్లకు 2 గ్రాములు, 12 గంటల తర్వాత ఇంకో 2 గ్రాములు, అంతే, ఒక్కరోజు వైద్యం. చిమచిమ దశలోనే వేసుకోవాలి. పక్కు కట్టాక వేసుకుంటే ఒరిగేదేమీ లేదు. తరచూ వచ్చేవాళ్లు డాక్టరుతో ముందే చీటీ రాయించుకుని మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి కాబట్టి సొంతంగా వద్దు. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము రోజుకు ఐదుసార్లు రాస్తే కొంత గుణం ఉంటుంది, కానీ మాత్రంత కాదు. ఏడాదికి ఆరుసార్లు, అంతకు మించి వస్తుంటే రోజూ వేసుకునే చిన్న మోతాదు గురించి అడగండి. ఎండతో లేచేవాళ్లకు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్‌బామ్ పనిచేస్తుంది.

గడప_లోపల:

ధన్యవాదాలు. ఇంకో రెండు. నోటి లోపల తెల్లగా పూసే పుండు కూడా ఇదేనా? బిడ్డ తల్లికే పొక్కు వస్తే పాలివ్వడం ఆపాలా?

డెర్మా_నోట్స్:

నోటిపూత వేరు. బుగ్గ లోపల, పెదవి లోపలి వైపు, నాలుక అంచున గుండ్రంగా తెల్లటి మధ్యభాగం, చుట్టూ ఎర్రటి అంచుతో వస్తుంది, ముందు నీటిపొక్కు ఉండదు, ఎవరికీ అంటదు. నోటి మూలలు చీలడం కూడా చాలావరకు వేరే జబ్బే. తేనె రంగు పక్కు కట్టి ముఖం మీద పాకుతుంటే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇంపెటిగో కావచ్చు, అదీ అంటుకునేదే, కానీ మందు వేరు. తేల్చుకోవాలంటే తాజా పొక్కు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించాలి, మొదటి రెండు రోజుల్లోనే. రక్తపరీక్షలో యాంటీబాడీ ఉందని తేలినా, ఈ పుండు దానిదేనని రుజువు కాదు.

వార్డు_సిస్టర్:

పాలు ఆపక్కర్లేదు. పొక్కు ఆరి పక్కు కట్టేదాకా తల్లి మాస్కు పెట్టుకుని, బిడ్డను తీసుకునే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కుని పాలివ్వవచ్చు. ముద్దులు వద్దు. పొక్కు రొమ్ము మీదే వస్తే ఆ వైపు మానేదాకా పట్టకూడదు, ఇంకో వైపు పట్టవచ్చు.

ఈ చర్చలో అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది నెల బిడ్డ గురించే. మొదటి 4 నుంచి 6 వారాలు ఈ వైరస్ బిడ్డ మెదడుకో కాలేయానికో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. తల్లికి పాత ఇన్ఫెక్షన్ ఉంటే ఆమె యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకు అంది ఉంటాయి, కొంత అడ్డు. తల్లికి ఎప్పుడూ సోకకపోతే ఆ అడ్డు కూడా ఉండదు. అప్పుడు చూడవచ్చిన వాళ్ల ముద్దే ఎక్కువ ప్రమాదం. పొక్కు లేకపోయినా సరే, ఆ వయసు బిడ్డ మూతి మీద, చేతుల మీద ఎవరూ ముద్దు పెట్టకపోవడం మేలు. ఆ చేయి నేరుగా నోట్లోకే పోతుంది కదా. బిడ్డ పాలు తాగడం తగ్గించినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, జ్వరం వచ్చినా లేదా ఒళ్లు చల్లబడినా, ఒంటి మీద పొక్కు కనిపించినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి. "ఫలానా వాళ్లకు పెదవి పేలింది" అన్న మాట మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగవద్దు. నరంలోకి ఎసైక్లోవిర్ 14 నుంచి 21 రోజులు ఎక్కించాల్సి రావచ్చు, మొదలుపెట్టడంలో గంటలు కూడా లెక్కే.

ఎగ్జిమా పిల్లవాడికి చర్మమంతా తలుపులే. ఒకే సైజు పొక్కులు గుంపులుగా లేచి, గుంటలు పడ్డ పుండ్లయి, జ్వరం, నొప్పి ఉంటే అది మామూలుగా ఎగ్జిమా ముదరడం కాదు. రోజూ రాసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇంకాస్త రాసి చూద్దామనుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మ్యాట్_కోచ్:

ఆటల వైపు నుంచి ఒక ముక్క. కుస్తీలో ముఖానికి ముఖం రాసుకుంటుంది, చర్మం గీరుకుంటుంది, అంటే పైన చెప్పిన గోడ కూలిపోతుంది. 1989లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక కుస్తీ శిబిరంలో 175 మందిలో 60 మందికి ఇలాగే సోకింది. అక్కడి కళాశాలల పోటీల్లో నియమం: 72 గంటలుగా కొత్త పొక్కు రాకూడదు, ఉన్నవన్నీ గట్టి పక్కు కట్టాలి, కనీసం 120 గంటలు మందు వాడి ఉండాలి. తడి పొక్కును పట్టీతో కప్పి దిగడానికి ఒప్పుకోరు. శిక్షణ కేంద్రాలు కూడా దీన్నే పాటిస్తే మంచిది. చాప తుడవడం ముఖ్యమే, కానీ చాప వల్ల కాదు, చర్మం వల్లే ఎక్కువగా అంటుతుంది.

సూక్ష్మజీవి:

కంటి సంగతి, వేలి సంగతి మిగిలాయి. కాంటాక్ట్ లెన్సును ఉమ్మితో తడిపి పెట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. పెదవి పొక్కు ఉండగా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, ఇసుక పడ్డట్టు గుచ్చుకుంటే లెన్సు తీసేసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయవద్దు. కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైనుండే పారదర్శక పొర మీద, ఈ వైరస్ పుండు ఉంటే అవి దాన్ని పెంచుతాయి.

గోళ్లు కొరికేవాళ్లకు, బొటనవేలు చీకే పిల్లలకు వేలి కొసన వైరస్ దిగితే అచ్చం గోరుచుట్టులా వాచి, సలుపుతుంది. చీము అనుకుని కోస్తారు, అదే పొరపాటు. కోస్తే చీము రాదు, వైరస్ పక్కకు పాకుతుంది, పైగా బ్యాక్టీరియా కూడా చేరుతుంది. పక్కపక్కనే చిన్న నీటిపొక్కులు కనిపిస్తే కోయించే ముందు డాక్టరుకు పెదవి పొక్కు సంగతి చెప్పి, వేలికి పొడి కట్టు కట్టి ఉంచండి.