నల్లగొండ జిల్లాను ఇంకా విడగొట్టాలా?

కాలువగట్టు (మిర్యాలగూడ):
2016 దసరా రోజున ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. అయినా మా నల్లగొండలో ఇంకా 16 లక్షల పైచిలుకు జనం ఉన్నారు, అదీ 2011 లెక్క ప్రకారం. 2019లో కొత్తగా వచ్చిన నారాయణపేటలో ఆరు లక్షలు కూడా లేరు. వాళ్లకీ ఒక కలెక్టర్, ఒక ఎస్పీ. మాకూ ఒక కలెక్టర్, ఒక ఎస్పీ. ఇదేం న్యాయం? మిర్యాలగూడను జిల్లా చేయాలని ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నాం. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

తుంగభద్ర ఒడ్డు (అలంపూర్):
అన్నా, నేను నీ పక్షమే. అలంపూర్ నుంచి అప్పటి మా జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్ నూరు కిలోమీటర్ల పైమాట. మా నాయిన ఒక్క సంతకం కోసం తెల్లారకముందే సద్ది కట్టుకొని బయల్దేరేవాడు, మళ్లీ ఇల్లు చేరేసరికి మేం పండుకునేవాళ్లం. కర్నూలేమో మాకు కూతవేటు దూరం, కానీ మా కాగితాలు అక్కడ చెల్లవు. ఇప్పుడు మా కొత్త జిల్లా కేంద్రం గద్వాల పోయి పని చూసుకొని మధ్యాహ్నానికి వస్తున్నాం. పాత పాలమూరు అంటే 64 మండలాలు, 40 లక్షల జనం. నల్లమలలోని అమ్రాబాద్ వాళ్లదీ, కర్ణాటక అంచున ఉన్న మాగనూరు వాళ్లదీ ఒకటే జిల్లా కేంద్రం. 2011లో అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా కింద. అంత పెద్ద జిల్లాలో ఏ మూల ఎవరు బడికి పోవట్లేదో ఎవరు చూస్తారు?

తండా మాస్టారు:
మాది దేవరకొండ డివిజన్‌లో ఒక తండా. అన్నలిద్దరూ చెప్పింది చదివాను. దూరం బాధ నాకూ తెలుసు, అయినా జిల్లా ఒక్కటే మందు అంటే ఒప్పుకోలేను.

మా అమ్మ పేరు మీద ఎకరం పది గుంటలు ఉంది. పాస్‌బుక్‌లో సర్వే నంబరు తప్పు పడింది. మండలాఫీసుకు ఏడు సార్లు తిరిగాం. విసుగొచ్చి ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయాం. పొద్దున్నుంచి లైన్లో నిలబడితే రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. దరఖాస్తు మూల మీద 'తహసీల్దారు పరిశీలించాలి' అని రాసి ముద్ర వేశారు. పది రోజులకు అదే కాగితం అదే మండలాఫీసుకు, అదే టేబుల్ మీదికి వచ్చింది. పక్కన సర్వేయర్ కుర్చీ ఖాళీ. వేరే మండలం సర్వేయర్ ఇన్‌ఛార్జిగా వారానికి ఒక్క రోజు వచ్చేవాడు. అమ్మ ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చుంది. జిల్లా కేంద్రం అరవై కిలోమీటర్ల నుంచి ముప్పైకి వస్తే ఆ కుర్చీలో మనిషి వస్తాడా? కొత్త జిల్లాకు కావలసిన సిబ్బందిని ఉన్నవాళ్లలో నుంచే కదా పంచేది!

మా తండాను మార్చింది 2018 పంచాయతీరాజ్ చట్టం. 500 జనాభా దాటిన తండాలను, గూడేలను పంచాయతీలు చేశారు. 2019 ఎన్నికల నాటికి రాష్ట్రంలో పంచాయతీలు 12,751 అయ్యాయి. అంతకుముందు మేం మూడు కిలోమీటర్ల అవతలి ఊరికి శివారు. బోరు మోటారు కాలితే ఆ ఊరి సర్పంచ్ గడప ముందు నిలబడాలి. ఇప్పుడు సర్పంచ్ మా తండా మనిషే, రాత్రి పదింటికైనా తలుపు కొడతాం. అయితే 2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోతే మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఒక్కొక్కరి చేతిలో ఎన్నో ఊళ్లు, వీధిలైటు వేయించడానికి కూడా టెన్షనే. జిల్లా కోసం ఇంత గట్టిగా అడుగుతున్నాం, పంచాయతీ ఎన్నికలు అంత ఆలస్యమైన దాని మీద ఇక్కడ ఒక్కరైనా రాశారా?

బతుకమ్మ కుంట (సూర్యాపేట):
మాస్టారూ, ఒక్క మాట. కేంద్రం కొన్నిటిని జిల్లా లెక్కనే ఇస్తుంది. ఉమ్మడి నల్లగొండ నవోదయ, అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడి, చలకుర్తిలో ఉంది, పాలమూరుది వట్టెంలో. విడగొట్టాక చలకుర్తి నల్లగొండలోనే ఉంది, వట్టెం నాగర్‌కర్నూల్‌కు పోయింది. అందుకే 2024 డిసెంబరులో మా సూర్యాపేటకు, మహబూబ్‌నగర్‌కు కొత్త నవోదయలు మంజూరయ్యాయి. జిల్లా కాకపోతే మా పిల్లలకు ఆ బడి వచ్చేదా?

తండా మాస్టారు:
నవోదయ సంగతి నిజమే అక్కా, అది నాకు తట్టలేదు. కానీ గీత గీసేటప్పుడు చూసుకోవాలి. మునుగోడు నియోజకవర్గంలో చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి భువనగిరికి పోయాయి, మిగతావి నల్లగొండలో ఉన్నాయి. కొడంగల్‌లో కోస్గి, మద్దూరు నారాయణపేటలో ఉంటే మిగతాది వికారాబాద్‌లో. ఎమ్మెల్యే ఒకరు, కలెక్టర్లు ఇద్దరు.

ఇంకొకటి, 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తారు, అది పూర్తయ్యేదాకా సరిహద్దులు మార్చకూడదు. మా తండాలో చాలా ఇళ్లకు తాళాలున్నాయి, హైదరాబాద్ చుట్టుపక్కల కూలికి పోయారు. 2011 లెక్క పట్టుకొని కొత్త జిల్లా గీస్తే లేని మనుషులకు గీసినట్టే.

కాలువగట్టు (మిర్యాలగూడ):
లెక్క వచ్చేదాకా ఆగమంటే ఆగుతాం తమ్ముడూ, అడగడం మాత్రం ఆపం. ఈసారి వినతిపత్రంలో మండలానికో సర్వేయర్ కావాలని కూడా రాస్తా. సంతకం పెడతావా?

తండా మాస్టారు:
సర్వేయర్ మాట మొదటి పేజీలో పెట్టు అన్నా. అమ్మతో కూడా వేలిముద్ర వేయిస్తా.