ఈ నాచు ఫిసిడెన్సేనా? కాస్త చెప్పండి

నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, చదివేది డిగ్రీ బాటనీ. మొన్న వాన వెలిశాక పాకాల అడవి అంచున ఉన్న మా చేను పక్కన, వాగు గట్టు తడి మట్టి మీద ఒక నాచు దొరికింది (మా నాయనమ్మకైతే అన్నీ పాచే). వేలిగోరంత కూడా లేదు. ఆకులు కాండానికి రెండు పక్కలా చదునుగా, అచ్చం ఈకలాగా ఉన్నాయి. లెన్స్‌లో చూస్తే ఆకు మొదలు రెండు పొరలుగా చీలి కాండాన్ని పట్టుకుని ఉంది. అందుకే 1801లో వృక్షశాస్త్రజ్ఞుడు హెడ్విగ్ వర్ణించిన ఫిసిడెన్స్ ప్రజాతి అనుకుంటున్నా. కానీ అది ప్రపంచమంతా ఉండేదే, జాతులేమో వందల్లో! గుళికలు (సిద్ధబీజాలుండే చిన్న సంచులు) ఇంకా రాలేదు, వాటి మూతి చుట్టూ ఉండే చీలిన పళ్లు చూద్దామంటే కుదరదు. ఒక్క ఆకు అంచు, కణాలు చూసి జాతి తేల్చొచ్చా? ఎండబెట్టి కాగితం కవర్లో దాచాను. సోమవారం రికార్డు ఇవ్వాలి, ఒకటే టెన్షన్.