మొదటి కంప్యూటర్ భాగాలను నెలకొకటి చొప్పున కొనవచ్చా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి):
అందరికీ నమస్కారం. వీడియో ఎడిటింగ్ కోసం నేనే స్వయంగా అమర్చుకుంటున్న మొదటి కంప్యూటర్ ఇది. జీతంలో నెలకు 9,000 రూపాయలు పక్కన పెట్టగలను. జూన్‌లో క్యాబినెట్, జులైలో మదర్‌బోర్డు, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), ర్యామ్ అంటూ నెలకొకటి కొని, ప్రాసెసర్‌ను దసరా తగ్గింపుల్లో తీసుకుని, సంక్రాంతికి అంతా బిగించాలనుకున్నాను. డబ్బు చేతిలో ఉంటే ఖర్చయిపోతుందన్న భయం కూడా ఉంది. ఈ పద్ధతి సరైనదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (శ్రీకాకుళం నుంచి):
అలా కొనకండి. నేను సరిగ్గా ఇలాగే చేసి నష్టపోయాను. దసరాకు తక్కువలో వచ్చిందని మదర్‌బోర్డు తెప్పించి, పెట్టె విప్పకుండా బీరువా మీద ఉంచాను. మిగతావి సమకూరేసరికి జనవరి వచ్చింది. అన్నీ బిగించి పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ రాలేదు, బోర్డు మూలన ‘డ్రామ్’ అని రాసి ఉన్న, ర్యామ్ దగ్గర తేడా ఉందని చెప్పే చిన్న దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది. ర్యామ్‌ను పక్క స్లాటులోకి మార్చాక ఆన్ అయింది, అంటే మొదటి స్లాటు వచ్చినప్పటి నుంచీ పాడైనదే. వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది. వారంటీలో బాగుచేసి ఇచ్చారు, కానీ అందుకోసం రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళి, మూడు వారాలు ఆగవలసి వచ్చింది. ఈ గడువులు వస్తువు కొన్నప్పటి నుంచే నడుస్తాయి, మనం బిగించిన రోజు నుంచి కాదు.

జవాబు 2 (విజయనగరం నుంచి):
పై మాట నిజమే, అయితే విడిగా పరీక్షించగలిగినవి ముందే కొనవచ్చండి. మానిటర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి చూసుకోవచ్చు, కీబోర్డు, మౌస్ కూడా అంతే. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఒకటి లేకుండా మరొకదాన్ని పరీక్షించలేము కాబట్టి, ఆ నాలుగూ ఒకే వారంలో చేతికి రావాలి. గ్రాఫిక్స్ కార్డును తర్వాత చూసుకోవచ్చు. ఏఎండీ వారి రైజెన్ 5 7600 ప్రాసెసర్‌లో తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, 7500ఎఫ్‌లో ఉండదు, ఆ ‘ఎఫ్’ అక్షరాన్ని గమనించండి. ఈ ప్రాసెసర్లు పట్టే ఏఎం5 రకం బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే (ప్రాసెసర్ కూర్చునే చోటే) ఉంటాయి కనుక, పెట్టె వచ్చిన రోజే సాకెట్ మూత తీసి, ఏ పిన్నూ వంగలేదని వెలుతురులో చూసి ఫొటో తీసి ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండి. కానీ 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకిన తీరు చూశాక, ఆగాలంటే భయంగా ఉంది.

జవాబు 2:
ఆ భయం సబబైనదే. మెమొరీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడంతో వచ్చిన పెరుగుదల అది, పండుగ తగ్గింపుతో పూడదు. ర్యామ్ ఒక్కటే ముందు కొనదలిస్తే డీడీఆర్5 రకం తీసుకోండి, ఏఎం5 బోర్డులో పాత తరం డీడీఆర్4 పట్టదు. వచ్చిన వారంలోనే, డీడీఆర్5 వాడుతున్న స్నేహితుల కంప్యూటర్‌లో పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడపండి.

జవాబు 3 (పలాస నుంచి):
దసరా, దీపావళి రోజులంటే మనకు తుపానుల రోజులు కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పార్సిల్ వస్తే పరీక్షించలేము, గడువు మాత్రం ఆగదు. డబ్బు ఖర్చవుతుందన్నారు కదా, జూన్‌లో బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. డిసెంబరుకు వడ్డీ కాక 54,000 రూపాయలు చేతికి వస్తాయి, సంక్రాంతికీ అందుతుంది. దసరా తగ్గింపు పోతే పోనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అలాగే చేస్తానండి. ఈ నెల మిగిలిన డబ్బుతో మానిటర్ ఒక్కటే తీసుకుని, తమ్ముడి ల్యాప్‌టాప్‌కు కలిపి చూస్తాను.