ల్యూకోడిస్ట్రఫీ అనుమానం: ముందు ఎంఆర్‌ఐ నమూనానా, నేరుగా ఎక్సోమా?

జిల్లా_పీడియా: నడక వెనక్కి పోతున్న రెండేళ్ల పిల్లాడు. ఎంఆర్‌ఐలో రెండువైపులా వైట్ మేటర్ (మెదడు లోపలి నరాల తీగల భాగం) తెల్లగా ఉంది; ల్యూకోడిస్ట్రఫీ, అంటే వైట్ మేటర్‌ని దెబ్బతీసే జన్యు జబ్బు, అనుమానం. ఒక్క ట్యూబు రక్తంతో ఎక్సోమ్ (జీన్లలో ప్రొటీన్ తయారీ భాగాలన్నీ ఒకేసారి చదివే పరీక్ష) అన్ని జీన్లూ చూసేస్తున్నప్పుడు, ఫిల్ములు పట్టుకుని నమూనాల (మార్పులు ఎక్కడ, ఎలా ఉన్నాయన్న తీరు) గురించి వాదించుకోవడం దేనికి? బొమ్మ చూసి జబ్బు పేరు చెప్పే రోజులు పోయాయనే నా వాదన.

న్యూరోరేడియో: పోవాల్సింది నమూనా కాదండీ, "డిఫ్యూజ్ వైట్ మేటర్ మార్పులు, ల్యూకోడిస్ట్రఫీ కావచ్చు" అని ఒక్క ముక్క రాసి పంపే రిపోర్టు. మొదట తేల్చాల్సింది: మైలిన్ (నరాల తీగల మీది కొవ్వు తొడుగు) అసలు ఏర్పడలేదా, ఏర్పడ్డాక చెడిందా? టీ2లో (టీ1, టీ2, ఫ్లేర్ అనేవి ఎంఆర్‌ఐలో తీసే బొమ్మల రకాలు) కాస్త తెలుపు, టీ1లో దాదాపు మామూలుగా ఉంటే హైపోమైలినేషన్, అంటే మైలిన్ సరిగా ఏర్పడకపోవడం. టీ2లో బాగా తెలుపు, టీ1లో నలుపు అయితే రెండో రకం. ఏడాది లోపు పిల్లల్లో ఒక్క స్కాన్ చూసి హైపోమైలినేషన్ అనేయకూడదు. కనీసం ఆర్నెల్ల ఎడంతో రెండు స్కాన్లు కావాలి, రెండోది ఏడాది నిండాక తీయాలి.

తర్వాత ఎక్కడ అన్నది చూడాలి. వెనకవైపు, స్ప్లీనియంతో (మెదడు రెండు సగాలను కలిపే కట్ట వెనక కొస) సహా ఉండి, అంచున కాంట్రాస్ట్ పట్టిందంటే ఎక్స్-ఏఎల్‌డీ (ఎక్స్ క్రోమోజోమ్‌తో వచ్చే అడ్రినోల్యూకోడిస్ట్రఫీ). ముందువైపు ఎక్కువగా ఉండి, వెంట్రికిల్ (మెదడులోని ద్రవపు గది) చుట్టూ టీ1లో తెల్లటి అంచు కనిపిస్తే అలెగ్జాండర్ జబ్బు. ఫ్లేర్‌లో వైట్ మేటరే సీఎస్‌ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) మాదిరి నల్లబడుతుంటే వానిషింగ్ వైట్ మేటర్ జబ్బు. తల పెద్దదై, టెంపొరల్ లోబ్ (చెవుల పక్కనుండే మెదడు భాగం) కొసల్లో తిత్తులుంటే ఎమ్‌ఎల్‌సీ (పెద్ద తల, తిత్తులతో వచ్చే ల్యూకోడిస్ట్రఫీ). అందులోనూ కుటుంబం అగర్వాల్ సముదాయమైతే ఎమ్‌ఎల్‌సీ1 జీన్‌లో 135 దగ్గర ఒక సి (డీఎన్‌ఏ అక్షరం) అదనంగా చేరే మార్పు ఒక్కటి చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. దానికి ఎక్సోమ్ ఎందుకు?

ఎక్స్-ఏఎల్‌డీలో ఆగే టైమే లేదు. 34 పాయింట్ల లోస్ స్కోరు (ఎంఆర్‌ఐలో జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్క) సాధారణంగా 9 దాటకముందే మూలకణ మార్పిడి చేయాలి. మగపిల్లల్లో ప్లాస్మా వీఎల్‌సీఎఫ్ఏ (చాలా పొడవైన గొలుసు కొవ్వు ఆమ్లాలు) పరీక్ష చాలు. ఎక్సోమ్ కోసం వారాలు కూర్చుంటే ఆ గడువు దాటిపోవచ్చు.

జీన్_పక్షం: మీరు చెప్పినవన్నీ పుస్తకంలో బొమ్మలున్న జబ్బులే సార్. హైపోమైలినేషన్ జీన్లు డజన్లున్నాయి, చాలావాటిని బొమ్మలో విడదీయలేం. ఎమ్‌ఎల్‌సీలోనే హెపాకామ్ అనే మరో జీన్ రకం అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కో జీనూ విడిగా చేయిస్తూ పోతే ఖర్చు ఎక్సోమ్‌ని మించిపోతుంది.

అయితే ఎక్సోమ్ నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు. పెలిజియస్-మెర్జ్‌బాకర్ అనే హైపోమైలినేషన్ జబ్బులో ఎక్కువ మందికి కారణం పీఎల్‌పీ1 జీన్ మొత్తం రెట్టింపు కావడం. రీడ్ డెప్త్ (ఒక్కో భాగం ఎన్నిసార్లు చదివారన్నది) లెక్క తీయని ల్యాబ్ దాన్ని వదిలేస్తుంది. కాబట్టి కళ్లు ఊగుతున్న మగపిల్లాడికి హైపోమైలినేషన్ ఉంటే, పీఎల్‌పీ1 కాపీల కోసం ఎమ్‌ఎల్‌పీఏ (జీన్ కాపీలు లెక్కపెట్టే పరీక్ష) విడిగా అడగండి.

ఎంజైమ్_ల్యాబ్: మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. వెంట్రికిళ్ల చుట్టూ పులిచారలు కనిపించాయి, ఆరిల్‌సల్ఫటేజ్-ఏ ఎంజైమ్ తక్కువొచ్చింది, ఎమ్‌ఎల్‌డీ (మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ) అని రాసేస్తారు. ఈ ఎంజైమ్‌కి సూడోడెఫిషియెన్సీ చాలా మామూలు: ఎంజైమ్ తక్కువ, మనిషికి జబ్బుండదు. మూత్రంలో సల్ఫటైడ్లు (ఈ ఎంజైమ్ విడగొట్టాల్సిన కొవ్వులు) పెరిగాయో లేదో చూడకుండా పేరు పెట్టొద్దు.

టెంపొరల్ తిత్తులు పుట్టుకతో వచ్చిన సీఎమ్‌వీ వైరస్ ఇన్ఫెక్షన్‌లోనూ ఉంటాయి. అక్కడ మచ్చలు విడివిడిగా ఉంటాయి, జబ్బు ముదరదు, వినికిడి తగ్గొచ్చు, సీటీలో కాల్షియం కనిపించొచ్చు. మూడు వారాల వయసు దాటాక మూత్రంలో పీసీఆర్ పాజిటివ్ వచ్చినా అది పుట్టుకతోనే వచ్చిందని చెప్పలేం. పుట్టినప్పటి ఎండిన రక్తపు చుక్క కావాలి, మన దగ్గర ఆ కార్డు దాచేవాళ్లు తక్కువ. జన్యు జబ్బు కానిదానికి ఎక్సోమ్ పంపి, ఏదో అర్థం తెలియని మార్పు దొరికితే దాన్నే పట్టుకు వేలాడే ప్రమాదం ఇక్కడే.

జిల్లా_పీడియా: బాగుంది, కానీ ఆ నమూనా చదివేదెవరు? జిల్లాలో తీసిన స్కాన్‌లో అరవై శాతం కదిలిన బొమ్మలే, చేతికొచ్చేది ఫిల్ము.

న్యూరోరేడియో: ఫిల్ము వద్దు, డైకామ్ (స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లు) సీడీ అడిగి తీసుకోండి. మత్తు ఇచ్చేది ఎలాగూ ఒకసారే, అప్పుడే అన్నీ తీయించండి: టీ1, టీ2, ఫ్లేర్, డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ, స్పెక్ట్రోస్కోపీ (మెదడులోని రసాయనాలను శిఖరాలుగా చూపేది). ఏడాది లోపు పిల్లల్లో ఫ్లేర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, టీ2 చూడాలి. స్పెక్ట్రోస్కోపీ టీఈ (ఎకో టైమ్) 144 మిల్లీసెకన్లలో తీస్తే 1.3 పీపీఎం దగ్గర లాక్టేట్ తలకిందులుగా కనిపిస్తుంది. 2.0 దగ్గర ఎన్ఏఏ (నరకణాల్లో ఉండే ఒక రసాయనం) శిఖరం మరీ పొడుగ్గా ఉంటే కనవన్ జబ్బు, మూత్ర పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు.

జీన్_పక్షం: నమూనా కావాలన్న మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను, అదీ మేనరికాల వల్ల. మేనమామ కూతురిని చేసుకున్న ఇంట్లో పిల్లాడి ఎక్సోమ్‌లో రెండు కాపీలూ మారిన జీన్లు ఒకటి కాదు, నాలుగైదు బయటపడతాయి, అన్నీ అనుమానాస్పదమే. అందులో ఏది అసలుదో ఎంఆర్‌ఐ చెప్పాలి. అది తేలకపోతే తర్వాతి గర్భంలో 11 వారాలకు సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసినా వెతకడానికి ఏమీ ఉండదు. అందుకే ఫారంలో "ల్యూకోడిస్ట్రఫీ" అని మాత్రమే రాయకండి. తల చుట్టుకొలత, జబ్బు మొదలైన వయసు, ముందా వెనకా, తిత్తులు, కాల్షియం, కాంట్రాస్ట్ పట్టిందా, తల్లిదండ్రుల వరస ఏమిటి, ఇవన్నీ రాసి, తల్లిదండ్రుల రక్తం కూడా కలిపి పంపండి.

ఎంజైమ్_ల్యాబ్: మత్తుకి కాన్యులా పెట్టేటప్పుడే వీఎల్‌సీఎఫ్ఏ, ఎంజైమ్‌లకు కూడా రక్తం తీసుకోండి. ఎంజైమ్ శాంపిల్‌కి హెపారిన్ ట్యూబా, ఈడీటీఏనా అన్నది ల్యాబ్‌ని ముందే అడగండి. మూత్రం డబ్బా మర్చిపోవద్దు.